యూనిట్‌కు 46 డాలర్లు: వంటే చదువైన కాలేజీలో ఒక రోజు

శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన మనవాళ్లు చూసే చోట్లు దాదాపు ఫిక్స్. గోల్డెన్ గేట్ బ్రిడ్జి, ఫిషర్‌మన్స్ వార్ఫ్, లొంబార్డ్ స్ట్రీట్ మెలికలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అదనంగా అల్కట్రాజ్ జైలు. ఊరికి దక్షిణంగా ఉన్న ఓషన్ అవెన్యూ వైపు మాత్రం ఎవరూ వెళ్లరు. అక్కడ సెల్ఫీ దిగాల్సినంత పెద్ద విశేషమేమీ కనిపించదు. ఒక కొండ, కొండ మీద ఒక ప్రభుత్వ కాలేజీ, ఆ కాలేజీలో ఒక వంటగది. అంతే.

ఈసారి మిమ్మల్ని ఆ వంటగదికే తీసుకెళ్తా.

కాలేజీ పేరు సిటీ కాలేజ్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో. 1935లో మొదలైంది. 1930ల నుంచే ఇక్కడ హోటల్ పని, వంట పని పాఠాలుగా చెబుతున్నారు. అప్పటికింకా మన దేశానికి స్వాతంత్య్రం కూడా రాలేదు. ఇప్పటికీ ఆ కోర్సు నడుస్తోంది. విద్యార్థులే వండుతారు, విద్యార్థులే వడ్డిస్తారు, బయటివాళ్లు ఎవరైనా వెళ్లి డబ్బు కట్టి తినొచ్చు. 

‘కమ్యూనిటీ కాలేజీ’ అనే మాట మనకు కొత్త. మన పాలిటెక్నిక్, ఐటీఐ, ఊళ్లో ఉండే డిగ్రీ కాలేజీ, ఈ మూడూ కలిపి ఒకే కాంపౌండ్‌లో పెట్టారనుకోండి. దాదాపు అలా ఉంటుంది. రెండేళ్ల చదువు. ఎంట్రన్స్ లేదు, ర్యాంకు లేదు, మేనేజ్‌మెంట్ కోటా లేదు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఎవరైనా చేరొచ్చు. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 ఉన్నాయి. ఎంసెట్ ర్యాంకు చెప్పందే పలకరింపు కూడా పూర్తికాని ఊళ్లో పెరిగినవాణ్ని కదా, ర్యాంకు అడగని కాలేజీ అంటే నాకు మొదట నమ్మకం కుదరలేదు.

తుపాకులు కరిగించి చేసిన సాధువు

నేనుండేది ఫ్రీమాంట్‌లో. తెలుగువాళ్లు కిరాణా కొట్టుకి లుంగీలో వెళ్లినా ఎవరూ తిరిగి చూడని ఊరు. అక్కడ బార్ట్ రైలు గ్రీన్ లైన్ ఎక్కితే మారకుండా నేరుగా బాల్బోవా పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. గంటకు కాస్త అటూఇటూ పడుతుంది. స్టేషన్ నుంచి కాలేజీకి పది నిమిషాల నడక. వెళ్లేటప్పుడు ఎత్తు, వచ్చేటప్పుడు పల్లం. జాకెట్ మర్చిపోకండి. ఫ్రీమాంట్‌లో చెమటలు కక్కే రోజున కూడా ఇక్కడ సముద్రం మీద నుంచి గాలి కొడుతుంది. పొగమంచు కొండ దాకా వచ్చి కాలేజీ మీద కూర్చుంటుంది.

కాలేజీ ఉన్న వీధి పేరు ఫ్రీదా కాలో వే. 2018 దాకా దాని పేరు ఫీలన్ అవెన్యూ. మెక్సికన్ చిత్రకారిణి పేరు ఎందుకు పెట్టారంటే ఆమె భర్త డియేగో రివేరా గీసిన పెద్ద కుడ్యచిత్రం ఈ కాలేజీదే. 22 అడుగుల ఎత్తు, 74 అడుగుల పొడవు. 1940లో ఇక్కడి ట్రెజర్ ఐలాండ్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగినప్పుడు, వచ్చిన జనం చూస్తుండగా గీశాడట. మధ్యలో కొన్నేళ్లు ఊళ్లోని ఆధునిక కళల మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచారు.

మెయిన్ బిల్డింగ్ దగ్గర ఇంకో విశేషం ఉంది. సెయింట్ ఫ్రాన్సిస్ విగ్రహం. బెనియామినో బుఫానో అనే శిల్పి చేసింది. రాబర్ట్ కెన్నెడీ, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల తర్వాత ఈ ఊరి జనం ఇచ్చేసిన తుపాకులను కరిగించి ఆ లోహంతో పోశారు. తుపాకీ కరిగి సాధువైంది. ఆ పక్కనుంచి నడుచుకుంటూ వెళ్తే వెన్న కరిగే వాసన వస్తుంది. అటే వెళ్లాలి.

వడ్డించే చేతికి వణుకు

విద్యార్థులు నడిపే రెస్టారెంట్ పేరు పియర్ కోస్ట్ డైనింగ్ రూమ్. తెల్లటి టేబుల్ క్లాత్‌లు, మడతపెట్టిన నాప్‌కిన్లు, వరసగా పేర్చిన గ్లాసులు. పెద్ద హోటల్‌కి కావల్సిన హంగులన్నీ ఉన్నాయి. ధర మాత్రం ఆ స్థాయి హోటల్ ధర కాదు.

నా టేబుల్‌కి వచ్చినబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. మెనూ మొత్తం బట్టీ పట్టినట్టు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. సూప్ బౌల్ పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. వెనక నిలబడ్డ టీచర్ కళ్లతోనే ఏదో చెప్పారు. అబ్బాయి బౌల్‌ని ఒక అంగుళం కుడికి జరిపాడు. వైవా గుర్తొచ్చింది నాకు. మా ఇంజినీరింగ్ ల్యాబ్‌లో రీడింగ్స్ తప్పొస్తే పక్కవాడి రికార్డు చూసి రాసుకునేవాళ్లు. ఇక్కడ ఆ వీలు లేదు. మార్కులేసేవాళ్లతో పాటు తినేవాడు కూడా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

క్యారెట్ సూప్ వచ్చింది, తర్వాత చేప. బాగుంది. ‘అద్భుతం’ అని రాస్తే రీల్స్‌లో ఫుడ్ వ్లాగర్ అయిపోతా కాబట్టి బాగుంది అనే అంటున్నా. నన్ను ఆకట్టుకున్నది వేరే సంగతి. చేప పక్కన వేసిన కూరగాయ ముక్కలన్నీ ఒకే కొలత. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అని లేదు. మిల్లీమీటర్ స్కేలు పెట్టి కోసినట్టున్నాయి.

తర్వాత తెలిసింది. స్కేలు నిజంగానే పెడతారట.

బీటెక్ వంటలక్క

ఆ సంగతి చెప్పింది మా అక్క. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. ఆ రోజు ఆమె డ్యూటీ లోపల స్టవ్ దగ్గర. లంచ్ అయ్యాక తెల్లకోటుతోనే బయటికొచ్చింది. మెడ దాకా గుండీలు, జుట్టు మొత్తం టోపీలోకి దోపి ఉంది. గాజులు లేవు, ఉంగరం లేదు. ఫంక్షన్లలో పట్టుచీరలో తప్ప చూడని మనిషి. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది.

“ఏరా, తిన్నావా? ఉప్పు సరిపోయిందా?” అంది. అది మాత్రం పాత అక్కే.

ఆమె కథ బే ఏరియాలో కొన్ని వేల ఇళ్ల కథ. ఈసీఈలో బీటెక్. హైదరాబాద్‌లో రెండేళ్ల ఉద్యోగం. పెళ్లి, ఆ తర్వాత హెచ్-4 వీసా మీద అమెరికా. హెచ్-4 అంటే హెచ్-1బీ మీద వచ్చినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా. దాని మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి కొందరికి మినహాయింపు వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు ఫైల్ ఐ-140 దశ దాటితే భార్య ఈఏడీ అనే వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు. అక్కకు ఆ కార్డు చేతికొచ్చేసరికి రెజ్యూమేలో ఎనిమిదేళ్ల ఖాళీ.

అందరూ ఒకటే సలహా. రెండు నెలలు ఆన్‌లైన్‌లో ఏదైనా టెస్టింగ్ కోర్సు చెయ్యి, మార్కెట్‌లో పడిపో అని. అక్క విన్నది. తలూపింది. తీరా చూస్తే సిటీ కాలేజీలో వంట కోర్సుకి రిజిస్టర్ చేసుకుంది.

పెద్దమ్మ ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. “బీటెక్ చదివించింది వంటలక్కని చెయ్యడానికా?” అని. ‘కార్తీక దీపం’ సీరియల్ పుణ్యమా అని ఆ మాట మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో వారం రోజులు తిరిగింది. స్టికర్లు కూడా వచ్చాయి. బావ ఒక్కడే ఏమీ అనలేదు. పాపను స్కూల్ నుంచి తెచ్చే డ్యూటీ తను తీసుకున్నాడు.

“ఎనిమిదేళ్లు ఇంట్లో మూడు పూటలా వండాను. అప్పుడు ఎవరూ అడగలేదురా, చదివిన చదువు ఏమైందీ అని. జీతానికి వండుతానంటే మాత్రం అందరికీ నా బీటెక్ గుర్తొచ్చింది” అంది అక్క. కోపంగా అనలేదు. టోపీ తీసి మడత పెట్టుకుంటూ మామూలుగా అంది.

ఉల్లిపాయతో మొదలు

మరి ఎనిమిదేళ్లు వండిన మనిషికి ఇక్కడ కొత్తగా ఏం నేర్పుతారు? నా అనుమానం అదే. అక్క తన నోట్‌బుక్ నా ముందు పెట్టింది. నూనె మరకలున్న ఆ పుస్తకంలో మొదటి ఇరవై పేజీల్లో ఒక్క వంటకం కూడా లేదు. 

మొదటి పాఠం కత్తి. పట్టుకోవడం, నూరడం, పక్కవాళ్లకు అందించడం, కింద పడితే పట్టుకోబోకుండా వెనక్కి జరగడం. మన కత్తిపీటకీ దీనికీ పూర్తి తేడా. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కూరగాయే వచ్చి తెగుతుంది. ఇక్కడ కూరగాయ కదలకూడదు. ఎడమచేతి వేళ్లు లోపలికి ముడిచి, కణుపుల ఆసరాతో కత్తి నడపాలి. కత్తిపీట అలవాటున్న చేతికి ఆ పద్ధతి వంటబట్టడానికి నెల పట్టిందట.

తర్వాత కొలతలు. ‘బ్రునోయిజ్’ అంటే అన్ని వైపులా 3 మిల్లీమీటర్లుండే ముక్క. ‘స్మాల్ డైస్’ అంటే 6. ‘జూలియెన్’ అంటే అగ్గిపుల్లలా సన్నగా, 5 సెంటీమీటర్ల పొడవు. చిన్న ప్లాస్టిక్ స్కేలు బోర్డు పక్కనే ఉంటుంది. టీచర్ వచ్చి గుప్పెడు ముక్కలు తీసి పరిచి చూస్తారు.

ఇంత చాదస్తం దేనికంటే, చిన్న ముక్క ఉడికిపోయి పెద్ద ముక్క పచ్చిగా మిగలకూడదు కాబట్టి. ఇంట్లో నలుగురికి వండేటప్పుడు గరిటెతో నొక్కి చూసి దించేస్తాం. వంద ప్లేట్లు వెళ్లే చోట ప్రతి ముక్కా నొక్కి చూడలేం. అందుకని ఆ పరీక్షను కత్తి దగ్గరే ముగించేస్తారు. మా టీమ్‌లో ఈ పని కోసం ఆటోమేటెడ్ టెస్టులు రాస్తాం. వీళ్లు ఉల్లిపాయ మీద రాస్తున్నారు.

ఆ తర్వాత స్టాక్. ఎముకలు, రెండు పాళ్లు ఉల్లిపాయ, ఒక పాలు క్యారెట్, ఒక పాలు సెలెరీ వేసి గంటల తరబడి కాచే నీళ్లు. ఫ్రెంచ్ వంట మొత్తం దీని మీద నిలబడి ఉంటుంది. నియమం ఒక్కటే: తెర్లనివ్వకూడదు. పెద్ద మంట మీద కుతకుతలాడితే కొవ్వు నీళ్లలో కలిసిపోయి స్టాక్ మడ్డిగా తయారవుతుంది. అడుగు నుంచి ఒకటీ అరా బుడగ పైకి రావాలి, అంతే. 

“మా అమ్మ చారు గురించి చెప్పేది కూడా ఇదే కదరా. పొంగు రాగానే దించెయ్, మరిగిస్తే చారు చచ్చిపోతుందీ అని. ఆవిడ ఎందుకో చెప్పలేదు. ఇక్కడ ఎందుకో కూడా చెబుతున్నారు” అంది అక్క. చారులో పోయేది సువాసన, స్టాక్‌లో పోయేది తేటదనం. కారణాలు వేరైనా, మంట దగ్గర నిలబడి కళ్లతో కనిపెట్టాల్సిన పని ఒకటే.

చద్దన్నం, థర్మామీటర్

అక్క కోటు జేబులో పెన్ను పక్కన ఇంకో పెన్నులాంటిది ఉంది. థర్మామీటర్. అది లేకుండా లోపలికి రానివ్వరు.

అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం 41 నుంచి 135 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉన్నదంతా ప్రమాద జోన్. మన లెక్కలో 5 నుంచి 57 డిగ్రీల సెల్సియస్. బ్యాక్టీరియాకు అదే వేసవి సెలవుల సీజన్. వండినదాన్ని చల్లార్చాలంటే రెండు గంటల్లోపు 135 నుంచి 70కి, మొదటి నుంచి లెక్కేస్తే ఆరు గంటల్లోపు 41కి దిగాలి. పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో తోస్తే మధ్యభాగం గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది. అందుకే లోతు తక్కువున్న ట్రేల్లోకి పరుస్తారు, లేదా గిన్నెను ఐసునీళ్లలో దించి కలుపుతారు. కోడిమాంసమైతే లోపల 165 డిగ్రీలు రావాల్సిందే. రంగు చూసి చెబితే ఒప్పుకోరు. అంకె కావాలి.

అన్నం సంగతి వచ్చినప్పుడు క్లాసులో అక్క చెయ్యెత్తిందట. “మేం రాత్రి అన్నం పొద్దున తిని పెరిగాం, మాకేం కాలేదే?” అని. జవాబు ఆసక్తిగా ఉంది. ఉడికిన అన్నంలో కూడా బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాలు బతికే ఉంటాయి, ఉడకబెట్టినంత మాత్రాన చావవు. గది వేడిలో వదిలేస్తే అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. చద్దన్నంలో మనం నీళ్లో మజ్జిగో పోసి పులియబెడతాం. ఆ పులుపు చాలా సూక్ష్మజీవులను అదుపులో పెడుతుంది. రాత్రి మిగిలిన బిర్యానీకి ఆ రక్షణ లేదు. అంటే చద్దన్నం తిన్నాం కదా అని, కౌంటర్ మీద రాత్రంతా ఉన్న బిర్యానీ పొద్దున తినేయొచ్చని లెక్కేయకూడదు. ఈ ముక్క చదివే బ్యాచిలర్ రూమ్ తమ్ముళ్లందరికీ ఇది నా తరఫున స్పెషల్ నోట్. చద్దన్నం కూడా మరీ తేలిగ్గా తీసుకునే వ్యవహారం కాదు, శుభ్రమైన గిన్నె, శుభ్రమైన నీళ్లు ఉండాలి.

ఫ్రిజ్‌లో ప్రతి డబ్బా మీదా టేపు ముక్క అంటించి మార్కర్‌తో రాస్తారు. లోపల ఏముంది, ఏ తేదీ, ఎవరు చేశారు. పేరు లేని డబ్బా కనబడితే వాసన చూసి నిర్ణయించడం లాంటివేమీ ఉండవు. నేరుగా చెత్తబుట్టే.

గరిటెతో పాటు కాలిక్యులేటర్

నాకు బాగా నచ్చిన పాఠం డబ్బు లెక్క. కిలో 2 డాలర్ల చొప్పున 10 కిలోల ఉల్లిపాయలు కొన్నారనుకోండి. పొట్టు, కొసలు తీసేస్తే 9 కిలోలు మిగిలాయి. అప్పుడు వంటలో పడే ఉల్లిపాయ ధర కిలో 2 డాలర్లు కాదు, 2.22. ప్రతి సరుకుకూ ఇలా లెక్కేసి, ప్లేటు మీదున్న తిండి ఖర్చు అమ్మకం ధరలో దాదాపు మూడో వంతు దాటకుండా చూసుకోవాలి. మిగతా రెండు వంతుల్లోంచే అద్దె, జీతాలు, కరెంటు పోవాలి. ఆ తర్వాత ఏమైనా మిగిలితే లాభం.

క్యారెట్ తొక్కలు, ఉల్లి కొసలు స్టాక్ గిన్నెలోకి ఎందుకు వెళ్తాయో ఈ లెక్క చూశాకే తెలిసింది. మన అమ్మలు బీరకాయ తొక్కుతో పచ్చడి చేసేది కూడా ఇదే లెక్క మీద. వాళ్ల దగ్గర స్ప్రెడ్‌షీట్ లేదు, అంతే తేడా.

సర్వీసు మొదలయ్యాక లోపల వినబడే భాష వేరు. వేడి గిన్నెతో వెళ్తుంటే “హాట్!”, ఎవరి వెనక నుంచైనా వెళ్తుంటే “బిహైండ్!”, మూల తిరుగుతుంటే “కార్నర్!”. అరవడం మర్యాద కాదని మనకు నేర్పారు. ఇక్కడ అరవకపోతేనే అమర్యాద, ఎవరి ఒంటి మీదో సలసల కాగే నూనె పడుతుంది. ఎవరు ఏ స్టేషన్‌లో నిలబడాలో తేల్చే పద్ధతి ఎస్కోఫియే అనే ఫ్రెంచ్ షెఫ్ వందేళ్ల కిందట స్థిరపరిచినదే. సైన్యంలో ఉండే వరుసను వంటగదిలోకి తెచ్చాడు. సాస్ ఒకరిది, చల్లని పదార్థాలు ఒకరివి, రొట్టెలు ఒకరివి. ఎవరి చోటు వాళ్లది, ఎవరి సరంజామా వాళ్లు ముందే సిద్ధం చేసుకోవాలి. పోపు వేడెక్కాక ఆవాల డబ్బా వెతకడం ఇక్కడ కుదరదు.

తలుపు తెరిచి ఉంచడానికి ఎంతవుతుంది?

ఆ మధ్యాహ్నం తెల్లకోట్లలో నాకు కనిపించినవాళ్లందరూ కుర్రాళ్లేమీ కాదు. జుట్టు నెరిసినాయన ఒకరు ట్రేలు కడుగుతున్నారు. ఇద్దరు ఆడవాళ్లు స్పానిష్‌లో మాట్లాడుకుంటూ పిండి తూస్తున్నారు. వయసు ఎంతని ఎవరూ అడగరట.

ఫీజు సంగతి. కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. రెండేళ్ల డిగ్రీకి దాదాపు 60 యూనిట్లు, అంటే 2,760 డాలర్లు. కత్తులు, కోటు, పుస్తకాలు వేరే. అక్క ఉండేది పక్క ఊరు డేలీ సిటీలో కాబట్టి ఇది కడుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఊళ్లో ఉండేవాళ్లకైతే 2017 నుంచి ఆ ట్యూషన్ కూడా ఉచితం. ‘ఫ్రీ సిటీ’ అంటారు. ఆ డబ్బు ఎక్కడిదనుకుంటున్నారు? 2016 నవంబరులో ఈ ఊరి ఓటర్లు 50 లక్షల డాలర్లు, ఆ పైన పలికే ఆస్తుల అమ్మకాల మీద పన్ను పెంచారు. దాంతో పెరిగిన రాబడిని చూపించే ఈ ఉచిత చదువు మొదలుపెట్టారు. ఇక్కడ కోట్ల ఇళ్లు కొనేది ఎక్కువగా మా టెక్ జనమే. అంటే ఎవరో స్టార్టప్ అమ్ముకుని కొన్న బంగళా ఇంకెవరికో ఉల్లిపాయ కోయడం నేర్పుతోందన్నమాట.

ఇది ఎంత విలువైన ఏర్పాటో తెలియాలంటే ఇదే ఊళ్లో జరిగిన ఇంకో కథ చూడాలి. కాలిఫోర్నియా కలినరీ అకాడమీ అని 1977లో మొదలైన ప్రైవేటు స్కూలు ఉండేది. తర్వాత ‘లె కోర్డన్ బ్లూ’ బోర్డు తగిలించుకుంది. ఫీజు పదుల వేల డాలర్లు. అప్పులు చేసి చదివి బయటికొచ్చాక గంటకింత అనే కుక్ జీతమే దొరికిందని, ఉద్యోగాల విషయంలో తమను తప్పుదోవ పట్టించారని పాత విద్యార్థులు కోర్టుకెళ్లారు. 2011లో 4 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ జరిగింది. అమెరికాలోని లె కోర్డన్ బ్లూ స్కూళ్లన్నీ 2017కల్లా మూతపడ్డాయి. నేర్పే విద్య దాదాపు ఒకటే. కత్తి ఒకటే, స్టాక్ ఒకటే. తేడా అప్పు దగ్గర వచ్చింది.

సిటీ కాలేజీ కూడా సుఖంగా ఏమీ లేదు. 2013లో గుర్తింపు రద్దు చేస్తామని అక్రెడిటేషన్ సంస్థ ప్రకటించింది. కేసులు, ధర్నాలు, కోర్టు తీర్పులు. 2017లో పూర్తి గుర్తింపు తిరిగొచ్చేలోపు వేలమంది విద్యార్థులు వేరే దారి చూసుకున్నారు. ఆ తర్వాత బడ్జెట్ కోతలు, టీచర్ల తొలగింపులు. వంట కోర్సు నడపడం ఖరీదైన పని. కంప్యూటర్ ల్యాబ్‌లో కరెంటు ఖర్చుతో సరిపోతుంది. ఇక్కడ ప్రతి పాఠానికీ వెన్న, చేప, గ్యాస్ కావాలి. ఒక్కో స్టవ్ చుట్టూ ఎక్కువమందిని నిలబెట్టలేరు. లెక్కలు చూసేవాళ్లకు ముందు కనబడేది ఇలాంటి క్లాసులే.

కోర్సు పూర్తయితే కష్టాలు తీరిపోతాయనీ కాదు. లైన్ కుక్ జీతంతో ఈ ఊళ్లో అద్దె కట్టడం చాలా కష్టం. పనేమో సాయంత్రాలు, శని ఆదివారాలు. కాళ్లు, నడుము అరిగిపోతాయి. అక్క ఈఏడీ కార్డు కూడా రెన్యూవల్ మీద బతికేదే. ఏదైనా రూలు మారితే మళ్లీ ఇంటి వంటగదికే. “తెలుసురా. అయినా చేతికొచ్చిన పని కార్డుతో పాటు ఎక్స్‌పైర్ అవదు కదా” అంది.

గాడిపొయ్యి దగ్గరి ప్రొఫెసర్లు

తిరుగు రైలులో నాకు రాజమండ్రి పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించి, ఐదొందల మందికి ఎసరు కంటిచూపుతో కొలిచే వంటమాస్టర్లు. పనసపొట్టు ఆవపెట్టి కూరకి ఎంత ఆవ పట్టాలో, పప్పు ఏ క్షణంలో దించాలో వాళ్లకు తెలుసు. వాళ్లకూ ఒక వరుస ఉంది. గరిటె పట్టే మాస్టారు, బూర్లు వేసే చెయ్యి, కూరగాయలు తరిగే ఆడవాళ్లు, అంట్లు తోమే కుర్రాడు. ఎస్కోఫియే పేరు వాళ్లు వినలేదు, కానీ పద్ధతి అదే.

మనకూ వంట నేర్పే మంచి సంస్థలున్నాయి. హైదరాబాద్‌లో కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా, హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. తిరుపతిలో కేంద్రం పెట్టిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇంటర్ అయిన పిల్లలు చేరి పెద్ద హోటళ్లలోకి వెళ్తున్నారు. బాగుంది. కానీ మా ఊరి వంటమాస్టర్ నలభై ఐదేళ్ల వయసులో ఫుడ్ సేఫ్టీ, ఖర్చు లెక్కలు నేర్చుకోవాలంటే సాయంత్రం వెళ్లి కూర్చునే క్లాసు ఎక్కడుంది? నాకు తెలిసిన మాస్టర్లలో ఒక్కరికీ కాలేజీ గేటు దాటాలన్న ఆలోచనే రాలేదు. కాలేజీ అంటే పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య తెరుచుకుని మూసుకుపోయే తలుపు అని మనందరికీ స్థిరపడిపోయింది. నేనూ ఆ తలుపులోంచే వచ్చాను, నా అదృష్టం కొద్దీ సరైన సమయానికి.

అలాంటి క్లాసు పెడితే రెండు వైపులా లాభం. మాస్టర్‌కి థర్మామీటర్, కాలిక్యులేటర్ వస్తాయి. పక్కన కూర్చున్న కుర్రాడికి ఎసరు కొలిచే కన్ను వస్తుంది. ఆ కన్ను ఏ పుస్తకంలోనూ దొరకదు, ఆ తరం వెళ్లిపోతే మళ్లీ రాదు.

పెద్దమ్మ ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. కానీ మొన్న దసరాకి ఫోన్‌లో అక్కని అడిగిందట, పులిహోర మిగిలితే ఎంతసేపు బయట ఉంచొచ్చు అని. అక్క డిగ్రీలతో సహా చెప్పింది.

మీరూ వెళ్లాలంటే

బాల్బోవా పార్క్ స్టేషన్‌లో దిగండి. కారులో వెళ్లేవాళ్లు పార్కింగ్ ఫీజు, బోర్డులు చదువుకోండి. డైనింగ్ రూమ్ సెమిస్టర్ నడిచే రోజుల్లో, మధ్యాహ్నం పూట మాత్రమే. సెలవుల్లో వెళ్తే తాళం కనబడుతుంది. ఆ వారం ఏ రోజుల్లో తెరుస్తారో కాలేజీ వెబ్‌సైట్‌లో చూసి, ముందే సీటు చెప్పుకోవడం మంచిది. తొందరగా తినేసి వెళ్లిపోదామనుకుంటే ఇది ఆ చోటు కాదు. నేర్చుకుంటున్న చేతులు కాబట్టి కాస్త టైమ్ పడుతుంది. 

చివర్లో ఎలా ఉందని అడిగితే మనవాళ్ల అలవాటు కొద్దీ “సూపర్” అనేసి లేచిపోకండి. ఉప్పు తక్కువైతే ఉప్పు తక్కువైందని చెప్పండి. అది తెలుసుకోవడానికే వాళ్లు ఫీజు కట్టారు.